ఒడ్డిన పణం ఎవరిది?

భారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఒకటుంది. దమయంతికి మళ్ళీ స్వయంవరమన్న వార్త విని అయోధ్యాపతి ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరాలని బయలుదేరతాడు. రథం తోలుతున్నవాడు బాహుకుడు, అనగా మారురూపంలో ఉన్న నలుడు. గుర్రాలు నేలమీద పరుగెడుతున్నాయో గాలిలో తేలుతున్నాయో తెలియని ఆ ఊపులో రాజుగారి ఉత్తరీయం జారి పడిపోతుంది. కాస్త ఆపితే తెప్పించుకుంటానని రాజు అంటాడు. అది అప్పుడే ఒక యోజనం వెనుకబడిపోయింది, ఇక దొరకదని సారథి బదులిస్తాడు. వేగాన్ని వర్ణించడానికి ఇంతకంటే పొదుపైన మార్గం నేను మరెక్కడా చూడలేదు. అడగడానికి నోరు తెరిచేలోపే జరిగిపోయినదంతా చేతికందని దూరంలో ఉంటుంది.

ఆ తరువాత జరిగేది ఇంకా ఆలోచింపజేస్తుంది. సారథి నేర్పు చూసి రాజు ముచ్చటపడతాడు, రాజు లెక్కల నేర్పు చూసి సారథి ముచ్చటపడతాడు. అక్షహృదయం, అశ్వహృదయం అనే రెండు విద్యలనూ ఇచ్చిపుచ్చుకోవడానికి ఒప్పందం కుదురుతుంది. ఒకటి పాచికల రహస్యం, రెండవది గుర్రాల రహస్యం. జూదమూ వేగమూ ఒకదాని ధరకు మరొకటి సరితూగే విద్యలని ఆ కథకుడు ఏనాడో గ్రహించాడన్నమాట. స్పోర్ట్స్ కార్లను వాటి శక్తికొలదీ పరుగెత్తించే సరదా గురించి ఎప్పుడు ఆలోచించినా నాకీ బేరమే గుర్తుకొస్తుంది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ సరదాను ఈసడించడం తేలిక. "పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్ళు త్రాగడం మేలు" అని సామెత చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కాని పాల రుచి తెలియనివాడు చెప్పే ఈ నీతికి విలువ తక్కువ. కొన్నేళ్ళ క్రితం జర్మనీలో ఒక మిత్రుడి ప్రక్క సీట్లో కూర్చుని, వేగపరిమితి లేని ఆటోబాన్ మీద గంటకు 230 కిలోమీటర్ల వేగంతో కొన్ని నిమిషాలు ప్రయాణించాను. మాటలు వాటంతటవే ఆగిపోయాయి. దారికి ఇరువైపులా ఉన్న చెట్లు ఆకుపచ్చని గోడలైపోయాయి. దూరంగా చుక్కలా కనిపించిన లారీ, దానిని గురించి ఏమైనా అనుకునేలోపే వెనుకబడిపోయింది. రేపటి పని, నిన్నటి మాట, అప్పులు, ఆలోచనలు ఏవీ మనసులో మిగలలేదు. ధ్యానానికి కూర్చుంటే ఏనాడూ కుదరని ఏకాగ్రత ఆ సీట్లో ఊరకే దొరికింది. భయమూ ఉంది, ఆ భయం మిత్రుడి చేతివ్రేళ్ళకు లోబడి ఉన్నదన్న ధీమా కూడా ఉంది. ఆ రెండూ కలిసిన చోటే ఈ మత్తు పుడుతుందని నా అనుమానం.

అయితే ఆ రోజు నన్ను నిజంగా బెదరగొట్టింది 230 కాదు, ఆ తరువాతి 60. రహదారి దిగి ఊళ్ళోకి మళ్ళినప్పుడు కారు కదలడమే లేదనిపించింది. దిగి నడుద్దామా అన్నంత నెమ్మది. ముల్లు చూస్తే గంటకు 60 కిలోమీటర్లు! ఆ వేగానికి మనిషి తగిలితే బ్రతకడం కష్టం. పది నిమిషాల అలవాటుకే నా కళ్ళు అబద్ధం చెప్పడం నేర్చుకున్నాయి. వేగం వల్ల కలిగే మొదటి నష్టం ఎముకలకు కాదు, తూకానికి. ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పే లోపలి త్రాసు ముల్లు వంగిపోతుంది.

భౌతికశాస్త్రానికి మాత్రం ఈ మత్తు ఉండదు. వేగం మూడింతలైతే కారులో ఉన్న గతిశక్తి మూడింతలు కాదు, తొమ్మిదింతలు అవుతుంది. మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్న స్పోర్ట్స్ కారు పొడి రోడ్డుమీద 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 35 నుంచి 40 మీటర్లు తీసుకుంటుంది. అదే కారు 300లో ఉంటే బ్రేకు తొక్కాక మూడువందల మీటర్లకు పైగా కావాలి. తొక్కాలని తోచి, కాలు కదలడానికి ఒక్క క్షణం పట్టిందనుకుంటే ఆ క్షణంలోనే 83 మీటర్లు గడిచిపోతాయి. వెరసి సుమారు 400 మీటర్లు. రాత్రివేళ ఎదుటివారి కళ్ళలో పడకుండా దించి వేసే దీపాలు చూపేది వంద మీటర్లలోపే. అనగా ఆ చోదకుడు తాను చూస్తున్న దారిలో ప్రయాణించడం లేదు, ఖాళీగా ఉంటుందని నమ్ముతున్న దారిలో ప్రయాణిస్తున్నాడు. ఇంకొక పోలిక చెబుతాను. 100 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు 39 మీటర్ల ఎత్తునుంచి నేలమీద పడటంతో సమానం. 300 అయితే ఆ ఎత్తు 350 మీటర్లు దాటుతుంది. ఈఫెల్ గోపురం ఎత్తు 330 మీటర్లే.

ఈ లెక్కలు కార్లు చేసేవారికి మనకంటే బాగా తెలుసు. 2005లో మార్కెట్టులోకి వచ్చిన బుగాటి వేరాన్ 1001 అశ్వశక్తితో గంటకు 407 కిలోమీటర్లు అందుకునేది. కాని మామూలు తాళంచెవితో నడిపితే ఆ వేగం రాదు. దానికోసం ప్రత్యేకంగా మరొక తాళంచెవి ఉండేది. కారు ఆపి, ఆ రెండవ చెవి తిప్పి, అన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ఆ వేగానికి అనుమతి. పూర్తి వేగంతో పోతే నూరు లీటర్ల ఇంధనం సుమారు 12 నిమిషాల్లో అయిపోతుంది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం రెట్టింపైతే ఎనిమిదింతలు పెరగడమే దీనికి కారణం. ఆ రెండవ తాళంచెవి నాకు చాలా నచ్చింది. అది ఒక ప్రశ్న: ఇప్పుడు నువ్వు చేయబోయేది మామూలు ప్రయాణం కాదు, తెలిసే చేస్తున్నావా?

ఇక నేర్పు సంగతి. "చేతగానివాడికి వేగం ప్రమాదం గాని, చేతనైనవాడికి కాదు" అన్నది ఈ సరదాపరుల ప్రధాన వాదం. దీనికి చరిత్రలో అత్యుత్తమమైన ఉదాహరణ ఉంది. అత్యంత దారుణమైన ఖండనా దాని ప్రక్కనే ఉంది.

ఇటలీలో మిల్లె మిల్యా అనే పందెం జరిగేది. 'వెయ్యి మైళ్ళు' అని దాని అర్థం. బ్రెషియాలో బయలుదేరి, రోముదాకా వెళ్ళి, తిరిగి బ్రెషియా చేరాలి. సుమారు 1600 కిలోమీటర్లు. ప్రత్యేకమైన ట్రాక్ లేదు. ఊళ్ళలోంచి, కనుమలలోంచి, జనం నిలబడి చూస్తున్న మామూలు రోడ్లమీదనే పరుగు. 1955 మే 1న ఉదయం 7 గంటల 22 నిమిషాలకు స్టిర్లింగ్ మాస్ అనే ఇంగ్లీషు యువకుడు మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారులో బయలుదేరాడు. అందుకే దాని సంఖ్య 722. ప్రక్కన డెనిస్ జెంకిన్సన్ అనే పాత్రికేయుడు. ఆయన చేతిలో ఐదు మీటర్లకు పైగా పొడవున్న కాగితపు చుట్ట. దారిలోని మలుపులు, గుట్టలు, దిగుళ్ళు అన్నీ ముందే ఆ దారిలో మళ్ళీమళ్ళీ తిరిగి వ్రాసుకున్నవి. ఆ రొదలో మాట వినబడదు కనుక చేతి సైగలతోనే దారి చెప్పాడు. గుట్ట అవతల ఏముందో కనబడకపోయినా, సైగను నమ్మి మాస్ వేగం తగ్గించకుండా దూకించాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పందెం ముగిసింది. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లకు పైమాటే. ఆ రికార్డును మరెవ్వరూ దాటలేదు. సాహసమూ, శ్రమా, పరస్పర విశ్వాసమూ ఇంత చక్కగా కలిసిన సందర్భాలు ఏ క్రీడలోనూ ఎన్నో ఉండవు. దానిని చదివి పులకించని మనిషితో నేను వేగం గురించి వాదించను.

దాదాపు ఆరు వారాల తరువాత, 1955 జూన్ 11న, ఫ్రాన్సులోని ల మాన్ పట్టణంలో 24 గంటల పందెం జరిగింది. అదే నమూనా మెర్సిడెస్ కార్లు బరిలో ఉన్నాయి. ఒకదానిని ఫాంజియోతో కలిసి మాస్ పంచుకున్నాడు, మరొకదానిని పియెర్ లెవే నడుపుతున్నాడు. అక్కడ కార్లు ఆగే చోటుకూ పందెపు దారికీ మధ్య అడ్డుగోడ గాని వేరే బాట గాని లేదు. ముందున్న ఒక కారు ఆగడానికి వేగం తగ్గించింది. దాని వెనుక కారు తప్పుకోవడానికి ప్రక్కకు జరిగింది. ఆ వెనుకనే అతివేగంగా వస్తున్న లెవే కారు దాని వీపు మీదుగా ఎగిరి, జనం నిలబడ్డ గట్టుకు తగిలి ముక్కలైంది. ఇంజనూ ఇరుసూ ప్రేక్షకుల మధ్యకు దూసుకుపోయాయి. లెవేతో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. లెవే చేతకానివాడు కాదు. ఆ వేగంలో ఆయన నేర్పుకు పనిచేయడానికి సమయమే దక్కలేదు. ఆ ఏడాది చివరకు మెర్సిడెస్ పందాలనుంచి తప్పుకుంది. స్విట్జర్లాండ్ తన దేశంలో ట్రాక్ పందాలను దశాబ్దాలపాటు నిషేధించింది.

ఇటలీ మాత్రం పాఠం నేర్వడానికి మరో రెండేళ్ళు తీసుకుంది. నిజానికి పాఠం అంతకుముందే ఉంది. 1938 మిల్లె మిల్యాలో బొలోన్యా నగరంలో ఒక కారు జనంలోకి దూసుకుపోయి పదిమందిని చంపింది, వారిలో ఏడుగురు పిల్లలు. కొన్నాళ్ళు నిషేధించి, యుద్ధానంతరం మళ్ళీ మొదలుపెట్టారు. 1957 మే 12న స్పెయినుకు చెందిన అల్ఫోన్సో దె పోర్తాగో ఫెరారీ 335 ఎస్ కారులో బ్రెషియాకు తిరిగి వస్తున్నాడు. గమ్యం ఇంకా కొన్ని పదుల కిలోమీటర్ల దూరమే. గ్విడిత్సోలో అనే ఊరి దగ్గర, తిన్నని రోడ్డుమీద, టైరు పేలింది. పోర్తాగో, ఆయన సహచరుడు ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు ప్రక్కన చూస్తున్న తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురు పిల్లలు. కారు చేసిన ఎంజో ఫెరారీ మీద కేసు నడిచి, 1961లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ రూపంలో మిల్లె మిల్యా ముగిసిపోయింది. ఆ ఏటి విజేత పియెరో తారూఫీ ఆ గెలుపుతోనే పందాలు మానివేశాడు.

పోర్తాగో గురించి చదివినప్పుడు నాకు జాలి కలుగుతుంది, కాని కోపం రాదు. 28 ఏళ్ళ మనిషి, ప్రమాదం తెలిసినవాడు, తనకు ఇష్టమైన జూదంలో తన ప్రాణం ఒడ్డాడు, ఓడాడు. అది ఆయన హక్కు. నన్ను వేధించేది ఆ ఐదుగురు పిల్లలు. వారు ఆ పందెంలో లేరు. వారికి కప్పు రాదు, పేరు రాదు, ఆ వేగపు మత్తూ అందదు. పణంగా మాత్రం వారున్నారు. ఇక్కడ నాకు సభాపర్వంలో ద్రౌపది పంపిన ప్రశ్న గుర్తుకొస్తుంది. ఆయన ముందు తన్ను తాను ఓడాడా, నన్ను ముందు ఓడాడా అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు భీష్ముడంతటివాడు కూడా తిన్నగా సమాధానం చెప్పలేకపోయాడు. ధర్మరాజు జూదమాడటం వ్యసనం. తమ్ములనూ భార్యనూ వారిని అడగకుండా ఒడ్డటం దానికంటే వేరైన దోషం. వేగం విషయంలో కూడా మనం ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నాం. "వేగం ప్రమాదకరం" అన్న బోర్డు మొదటి దోషాన్ని గురించే చెబుతుంది. అసలు అడగవలసింది రెండవదాన్ని గురించి: ఒడ్డిన పణం ఎవరిది?

దీనికొక ఎదురువాదం ఉంది, దానిని దాటవేయకూడదు. 2021లో ఒక చెక్ ధనికుడు బెర్లిన్, హానోవర్ నగరాల మధ్యనున్న ఆటోబాన్ మీద బుగాటి షిరాన్ కారును గంటకు 417 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. తిన్నని భాగాన్ని ఎంచుకున్నాడు. అక్కడ వేగపరిమితి లేదు, 130 కిలోమీటర్లన్న సూచన మాత్రమే ఉంటుంది. ఎవరికీ ఏ హానీ జరగలేదు. వీడియో బయటకు వచ్చాక దుమారం రేగింది గాని, చివరకు నేరమేమీ లేదని ప్రాసిక్యూటర్లు 2022లో వ్యవహారం ముగించారు. మరి తప్పెక్కడుంది? నా జవాబు ఇది. జూదంలో గెలిచినవాడు జూదమాడలేదని అనలేము. ఆ వేగంలో సెకనుకు 115 మీటర్లకు పైగా దూరం దొర్లిపోతుంది. ఆ దారి ఆ సమయంలో ఇతరులకు మూసివేసి లేదు. ముందున్న వాహనదారుడు అద్దంలో చూసుకుని, వెనుక ఎవరూ లేరనుకుని, మామూలుగానే గీత మారి ఉంటే? అతడు చేసినది నేరమూ కాదు, పొరపాటూ కాదు. అతడి అద్దంలో ఆ కారు ఇంకా పుట్టనే లేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆ అపరిచితుడి అంగీకారం దొరికినట్లు కాదు.

మన దేశానికి వస్తే ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. 2022లో భారతదేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఆ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. మృతుల్లో 44 శాతం ద్విచక్ర వాహనాలవారు, 19 శాతానికి పైగా పాదచారులు. వీటిలో స్పోర్ట్స్ కార్ల వాటా కొద్దిదే, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కాని మన రోడ్డుమీద ఎవరి ప్రక్కన ఎవరుంటారో ఆ అంకెలు చెబుతున్నాయి. ఇక్కడ రోడ్డంటే నడిచే బాట, బస్సు కోసం నిలబడే చోటు, బండిమీద కూరగాయలు అమ్ముకునే అంగడి, అన్నీను. ఆటోబాన్ మీద వేగాన్ని సమర్థించే వాదాలు ఏవైనా ఉంటే అవి ఆ దారికి కంచె ఉండబట్టి, పాదచారులు లేకపోబట్టి నిలుస్తాయి. వాటిని జూబ్లీహిల్స్ మలుపులకు దిగుమతి చేసుకోలేము. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మీదికి ద్విచక్ర వాహనాలను రానీయరు. 2023లో అక్కడి వేగపరిమితిని 100 నుంచి 120కి పెంచారు. మనకున్న అత్యుత్తమ దారిలో కూడా నిపుణులు ఒప్పుకున్న గీత అక్కడుంది. ఆ గీతకు రెండింతల వేగం అందుకోగల కార్లు మాత్రం షోరూముల్లో మెరుస్తున్నాయి.

2024 మే 19న పూణేలో 17 ఏళ్ళ కుర్రవాడు నడుపుతున్న పోర్షే కారు ఒక మోటారుసైకిలును ఢీకొంది. దాని మీదున్న ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. ఆ కుర్రవాడికి బాలల న్యాయమండలి మొదట బెయిలు ఇస్తూ పెట్టిన షరతుల్లో రోడ్డు ప్రమాదాల గురించి 300 పదాల వ్యాసం వ్రాయాలన్నది ఒకటి. దేశమంతా మండిపడ్డాక ఆ ఉత్తర్వు మారింది. వ్యాసాలు వ్రాసుకునే మనబోటివారికి ఆ షరతు ప్రత్యేకంగా సిగ్గు కలిగించాలి. ప్రాణానికి నూటయాభై పదాలు! నేనిప్పుడు వ్రాస్తున్నది దానికి కొన్ని రెట్లుంది. దీనివల్ల కూడా ఎవరూ తిరిగి రారు.

అయితే వేగపు సరదాను చంపివేయాలా? వద్దనే నా అభిప్రాయం. చంపితే చావదు, చీకట్లోకి పోతుంది. దానికొక చోటు చూపించాలి. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరవలయం 1927 నుంచి ఉంది. 20 కిలోమీటర్లకు పైబడిన దారి, అంతా ఒకే దిశ. కొన్ని రోజుల్లో రుసుము చెల్లించి ఎవరైనా తమ కారు నడుపుకోవచ్చు. అక్కడ ప్రమాదం లేదని కాదు. 1976లో నికీ లౌడా ఆ వలయంలోనే మంటల్లో చిక్కి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. కాని అక్కడికి వచ్చినవాడు తెలిసి వస్తాడు. ఎదురుగా బడి వదిలిన పిల్లలు రారు. మన దగ్గర శ్రీపెరుంబుదూరు సమీపంలో, కోయంబత్తూరులో, గ్రేటర్ నోయిడాలో ట్రాకులున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగినప్పుడు ఆ దారినంతా మూసి, గోడలు కట్టి, మనుషులను వేరుచేశాకనే కార్లను వదిలారు. అదే నగరం, అదే నేల. తేడా అంతా ఆ గోడలోనే ఉంది. కోట్లు పెట్టి కారు కొనగలవాడు దానిని ట్రాకుదాకా తీసుకువెళ్ళే ఖర్చు భరించలేడంటే నేను నమ్మను. ట్రాకుకు పోనిది ఖర్చుకు వెరచి కాదు, అక్కడ చూసి అదిరిపడేవాళ్ళు ఉండరని. రాత్రి పూట ఊరి నడిబొడ్డున ఇంజను మ్రోగించేవాడికి కావలసింది వేగం కాదు, ప్రేక్షకులు. ఆ ప్రేక్షకులనే పణంగా పెడుతున్నాడు.

చివరగా మళ్ళీ మాస్ దగ్గరకే వస్తాను. 1962లో గుడ్‌వుడ్‌లో జరిగిన ప్రమాదం తరువాత ఆయన ఒక నెల స్పృహలేకుండా ఉన్నాడు. కోలుకుని, మళ్ళీ కారెక్కి చూసుకుని, ఇదివరకు తనంతట తానే జరిగిపోయేది ఇప్పుడు ఆలోచించి చేయవలసివస్తోందని గ్రహించి, అగ్రశ్రేణి పందాలు మానుకున్నాడు. పాతకార్ల పోటీల్లో మాత్రం సరదాగా పాల్గొంటూ వచ్చాడు. 2011 జూన్‌లో, 81 ఏళ్ళ వయసులో, అదే ల మాన్‌లో సాధన చేస్తూండగా తనకు భయం వేసిందని, ఇక చాలునని ఆ రోజే ప్రకటించాడు. మిల్లె మిల్యా రికార్డు సృష్టించిన మనిషి భయం వేసిందని పైకి చెప్పడానికి సిగ్గుపడలేదు. నాకు ఆయన 1955 గెలుపుకంటే ఈ మాటే పెద్దదిగా తోస్తుంది. 2020లో, 90 ఏళ్ళ నిండు వయసులో ఆయన పోయాడు.

ఋతుపర్ణుడు ఉత్తరీయం కోసం వెనక్కు వెళ్ళలేదు. పోయింది గుడ్డ కనుక, తనది కనుక, అది చెల్లింది. మన రోడ్లమీద ఆ వేగానికి జారిపడేవి మనుషుల ప్రాణాలు, అవి తోలేవాడివి కావు. ఆపమని అడిగే వ్యవధి కూడా వారికి ఉండదు. ఆ ప్రశ్నను వారి తరఫున, ఇంజను మ్రోగించకముందే, మనమే అడగాలి.